నలభైల్లో ఈత పోటీ: ఏ సాధన ఎంచుకోవాలి, దానికి ఏ తిండి?

బెంగళూరులో మా పూల్‌లో పొద్దున ఐదున్నరకు దిగేవాళ్లం పదిమందిమి. అందులో ఆరుగురం తెలుగువాళ్లమే. నెల్లూరు బాబాయిగారు, గుంటూరు వైపు అన్నదమ్ములిద్దరు, అనంతపురం ఆమె, వరంగల్ కుర్రాడు, బెజవాడ నుంచి నేను. మాస్టర్స్ పోటీల (పాతికేళ్లు, ఆపైవాళ్లకు పెట్టేవి) కబురు వచ్చిందంటే చాలు, గట్టు మీద ఒకటే చర్చ. రోజూ మూడు కిలోమీటర్లు ఈదితే తప్ప లాభం లేదని ఒకరంటే, పాతిక మీటర్లు ఇరవైసార్లు పోటీ వేగంతో కొడితే సరిపోతుందని ఇంకొకరు. జిమ్‌కి వెళ్లకుండా టైమింగ్ తగ్గదని మూడో మాట. ఇక తిండి సంగతి చెప్పనక్కర్లేదు. కీటో (పిండి బాగా తగ్గించి కొవ్వు పెంచే తిండి), పదహారు గంటల ఉపవాసం, ప్రొటీన్ పౌడరు, ఎవరి లెక్క వారిది.

"అక్కా, ఇందులో ఎవరి మాట వినమంటారు?" అని వరంగల్ కుర్రాడు అడిగాడు. అతనికి ముప్ఫై ఒకటి. మారతహళ్లిలో పీజీ, రాత్రి పదకొండు దాటినా అమెరికా కాల్స్. అదే ప్రశ్న బాబాయిగారు అడిగితే నా జవాబు మారిపోతుంది. ఆయనకు అరవై మూడు, షుగరు మాత్ర వేసుకుంటారు. అందుకే ఇదంతా కూర్చుని రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎంత ఈదగలరో చూసుకుని సాధన ఎంచుకోకండి. ఈదాక మీ ఒళ్లు ఎంతలో కోలుకుంటుందో చూసుకుని ఎంచుకోండి. తిండి ఆ సాధన వెంట రావాలి. మనవాళ్లలో చాలామంది తిండి ముందు మార్చేస్తారు. తర్వాత ఆ తిండితో ఒళ్లు ఈదనంటే సాధన పద్ధతిని తప్పుపడతారు.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, మీ పోటీ ఎన్ని మీటర్లని కాకుండా ఎన్ని సెకన్లని అడగండి. ఒలింపిక్స్‌లో మగవాళ్ల 50 మీటర్ల ఫ్రీస్టైల్ 21 సెకన్లలో అయిపోతుంది, 100 మీటర్లు 47 సెకన్ల అటూ ఇటూ. మన లేన్లలో 50కే 35 నుంచి 40 సెకన్లు పడుతుంది, 100కి 80 నుంచి 95. ఉన్న శక్తంతా పెట్టి చేసే పని సుమారు 75 సెకన్లకు చేరేసరికి, అందులో సగం శక్తి ఆక్సిజన్ వాడుకుని తయారైనదే అవుతుంది. అంటే మన 100 మీటర్లు ఛాంపియన్ల 100కి పోలిక కాదు, వాళ్ల 200కి దగ్గర. వాళ్ల స్ప్రింట్ ప్లాను వీడియోలో చూసి మనం యథాతథంగా చేస్తే, రెండో 50లో ఊపిరి చాలక చేతులు బరువెక్కుతాయి. నాకు ఈ సంగతి అర్థమవడానికి మూడు మీట్‌లు పట్టింది.

రెండోది, వారంలో మీకు నిజంగా ఉన్న గంటలు. నీళ్లలో గడిపే గంటల్ని మాత్రమే లెక్కపెడితే చాలదు. ఇంటి గుమ్మం దిగిన దగ్గర్నుంచి తిరిగి గుమ్మం ఎక్కేదాకా లెక్కేయండి. వైట్‌ఫీల్డ్‌లో ఉంటూ సదాశివనగర్ కేసీ రెడ్డి పూల్‌కో, బసవనగుడి ఆక్వాటిక్ సెంటర్‌కో, యలహంక అవతలి పడుకోన్-ద్రవిడ్ సెంటర్‌కో రోజూ వెళ్లి రావడం ఎవరివల్లా కాదు. దగ్గర్లోని పూల్‌లో వారమంతా ఈది, పదిహేను రోజులకో నెలకో ఒకసారి 50 మీటర్ల పూల్‌కి వెళ్లడం నయం. అపార్ట్‌మెంట్ పూల్ అయితే ఒకసారి టేపు పెట్టి కొలవండి. మా పాత అపార్ట్‌మెంట్‌లో పాతిక మీటర్లని చెప్పిన పూల్ ఇరవై రెండే వచ్చింది. కొలత తెలియని పూల్‌లో తీసిన టైమింగ్‌తో ఏమీ తేల్చుకోలేం.

మూడోది నిద్ర. ఆరు గంటలకు తక్కువ పడుకుంటున్నారంటే, కింద చెప్పబోయే నాలుగు దారుల్లో మొదటిదాన్ని కొట్టేసుకోవచ్చు.

నాలుగోది భుజం. ఒక లెక్క చూడండి. పాతిక మీటర్లకు రెండు చేతులూ కలిపి 18 స్ట్రోకులు పడతాయనుకుందాం. మూడు కిలోమీటర్లంటే 120 ల్యాపులు, 2,160 స్ట్రోకులు. ఒక్కో భుజం 1,080 సార్లు తిరగాలి. వారానికి నాలుగు రోజులైతే నాలుగు వేలు దాటుతుంది. పగలంతా లాప్‌టాప్ ముందు భుజాలు ముందుకు వంచుకుని కూర్చునేవాళ్లకు అది చిన్న భారం కాదు.

వయసు సంగతి కూడా ఒకటుంది. ప్రపంచ ఆక్వాటిక్స్ నిబంధనల ప్రకారం మాస్టర్స్ పోటీలు 25 ఏళ్ల నుంచి మొదలై ఐదేసి ఏళ్ల విభాగాలుగా సాగుతాయి. ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి ఎంత వయసుంటుందో అదే లెక్క. డిసెంబరులో నలభై నిండేవాళ్లు జనవరి నుంచే 40-44లో ఈదొచ్చు. కొత్త విభాగంలో అందరికన్నా చిన్నవాళ్లయ్యే ఏడాదికి పెద్ద లక్ష్యం పెట్టుకోవడం తెలివైన పని.

పాతిక మీటర్ల ఫ్రీస్టైల్‌కు 24, 25 స్ట్రోకులు పడుతున్నాయా? అయితే మీకింకా ఈ పోలికతో పని లేదు. నీటి నిరోధం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. అంటే రెట్టింపు వేగానికి నాలుగు రెట్ల అడ్డు. కాళ్లు కిందికి దిగిపోయి, తల పైకెత్తి ఈదేవాళ్లు ఎంత బలం పెట్టినా అది నీళ్లపాలే. ముందు రెండు మూడు నెలలు మంచి కోచ్ దగ్గర స్ట్రోక్ దిద్దుకోండి. కాలువలో ఈత నేర్చుకున్న మనలాంటివాళ్లకు ఇది మరీ అవసరం. నేను ఏలూరు కాలువలో సొరబుర్ర కట్టుకుని నేర్చుకున్నదాన్ని. తల నీళ్లలో పెట్టి ఊపిరి వదలడం నలభై ఏళ్లకు మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది.

## సాధన: నాలుగు దారులు

### దూరం మీద ఆధారపడేది

వారానికి ఐదారు రోజులు, రోజుకు మూడు నుంచి నాలుగున్నర కిలోమీటర్లు. జూనియర్లను తయారుచేసే కోచ్‌లకు బాగా అలవాటైన పద్ధతి. నీటి మీద పట్టు, ఊపిరి, ఓర్పు పెరుగుతాయి. 400, 800 మీటర్లకు, సముద్రంలో ఈదేవాళ్లకు, ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీ) వాళ్లకు దీనికి దీటైనది లేదు.

50, 100 మీటర్లకు మాత్రం ఇంత దూరం అవసరమా అన్నది పాత ప్రశ్న. 1991లో అమెరికా వ్యాయామ శాస్త్రవేత్త డేవిడ్ కాస్టిల్ బృందం కాలేజీ ఈతగాళ్లను రెండు జట్లుగా చేసి చూసింది. ఒక జట్టు ఆరు వారాలు రోజుకు ఒకసారి గంటన్నర ఈదితే, రెండో జట్టు రోజుకు రెండుసార్లు గంటన్నర చొప్పున ఈదింది. రెట్టింపు ఈదిన జట్టుకు అదనంగా ఒరిగింది లేదు. పైగా ఆ వారాల్లో వాళ్ల స్ప్రింట్ వేగం తగ్గింది. వాళ్లు ఇరవై ఏళ్ల పిల్లలు. మన సంగతి వేరే చెప్పాలా?

నా నలభై ఒకటో ఏట ఒక కోచ్ పద్నాలుగేళ్ల పిల్లలకిచ్చే సెట్లే నాకూ ఇచ్చారు. నేనూ పట్టుదలగా చేశాను. పదో వారానికి కుడి భుజం ఎత్తితే నొప్పి. జడ వేసుకోలేకపోయాను. నాలుగు నెలలు నీళ్లకు దూరం. ఆ నొప్పి నిద్రలో మొదలవుతుంది. రాత్రి ఆ వైపు తిరిగి పడుకుంటే మెలకువ వస్తోందంటే భుజం ముందే చెబుతోందని అర్థం. ఆ రోజే దూరం సగానికి తగ్గించండి.

### పోటీ వేగంతో చిన్న ముక్కలు

అమెరికాలో బ్రెంట్ రషాల్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి, యూఎస్‌ఆర్‌పీటీ అంటారు. మెల్లగా ఈదే దూరాలు దాదాపు ఉండవు. మీరు పోటీలో ఏ వేగంతో ఈదాలనుకుంటున్నారో అదే వేగంతో చిన్న ముక్కలు, మధ్యలో చాలా తక్కువ విరామం. అమెరికా ఈతగాడు మైకేల్ ఆండ్రూ ఇలా పెరిగినవాడే. టోక్యో ఒలింపిక్స్‌లో 4×100 మెడ్లీ రిలే స్వర్ణం గెలిచిన జట్టులో అతనున్నాడు.

100 మీటర్లు 1:20లో ఈదాలంటే పాతికకు 20 సెకన్లు. 20 సెకన్లలో ఒక పాతిక, 15 సెకన్ల విరామం, మళ్లీ పాతిక. ఇలా ఇరవై. మొత్తం 500 మీటర్లు, పన్నెండు నిమిషాల లోపు. ఒకసారి టైమింగ్ తప్పితే తర్వాతి ముక్క వదిలేసి ఊపిరి తీసుకోవాలి. వరసగా రెండు తప్పినా, మొత్తం మీద మూడు తప్పినా సెట్ అక్కడికి ఆపేయాలి. ఆ ఆపడమే ఈ పద్ధతికి ప్రాణం. మనవాళ్లు ఆగరు. ఇరవై పూర్తి చేయాలని పళ్లబిగువున లాగుతారు, స్ట్రోక్ చెడుతుంది, చెడిన స్ట్రోకే ఒంటికి అలవాటవుతుంది.

తక్కువ సమయమున్నవాళ్లకు ఇది వరం. కానీ గడియారం కనిపించాలి, లేన్ ఖాళీగా ఉండాలి. వేసవి సెలవుల్లో పిల్లల శిబిరాలతో నిండిపోయిన పూల్‌లో ఇది జరగదు. 800 మీటర్ల వాళ్లకు దీని మీదే ఆధారపడమని చెప్పను. మామూలు పద్ధతితో పక్కపక్కన పెట్టి తూచిన పరిశోధనలు కూడా తక్కువే, కాబట్టి దీన్ని మతంలా పట్టుకోవద్దు.

### హద్దు వేగం చుట్టూ అల్లినది

రెంటికీ మధ్య దారి ఇది. ఒక రోజు బాగా వార్మప్ చేసి 400 మీటర్లు గట్టిగా ఈది టైమింగ్ తీయండి. పూర్తిగా తేరుకున్నాక 200 ఈదండి. నాలుగు వందల టైమింగ్‌లోంచి రెండు వందలది తీసేయండి, మిగిలింది 200 మీటర్లకు మీ హద్దు. 400కి 7:20, 200కి 3:28 వచ్చిందనుకోండి. తేడా 232 సెకన్లు, అంటే 100 మీటర్లకు 1:56. దీన్ని సీఎస్‌ఎస్ (క్రిటికల్ స్విమ్ స్పీడ్) అంటారు. మీరు చాలాసేపు నిలబెట్టుకోగల వేగానికి ఇది మంచి అంచనా.

వారంలో ఒక రోజు ఆ వేగంతో 100 మీటర్లు పదిసార్లు, మధ్యలో 15 నుంచి 20 సెకన్ల విరామం. ఒక రోజు హాయిగా, మాట్లాడుకోగలిగేంత మెల్లగా. ఒక రోజు పూర్తి వేగంతో చిన్నవి. వారానికి మూడు రోజులు చాలు, నాలుగైతే ఇంకా మంచిది. 200, 400 ఈదేవాళ్లకు ఇదే నా మొదటి సలహా. అందరూ చేసే తప్పు ఒకటుంది. మెల్లగా ఈదాల్సిన రోజు పక్క లేన్ ఆయన దాటిపోతుంటే ఊరుకోలేక వేగం పెంచేస్తారు. దాంతో మెల్లటి రోజు మెల్లగా ఉండదు, వేగం రోజుకి వేగం మిగలదు.

### రెండు రోజులు నీళ్లు, రెండు రోజులు నేల

స్క్వాట్లు, డెడ్‌లిఫ్ట్, పుల్‌అప్స్, రబ్బరు బ్యాండుతో భుజాన్ని బయటికి తిప్పే కసరత్తులు వారానికి రెండుసార్లు. మిగతా రెండు రోజులు పూల్‌లో వేగం, డైవ్, టర్న్‌లు. పాతిక మీటర్ల పూల్‌లో 100 మీటర్ల పోటీ అంటే ఒక డైవ్, మూడు టర్న్‌లు. గోడను తన్నాక ఫ్రీస్టైల్, బ్యాక్, బటర్‌ఫ్లైలలో 15 మీటర్ల వరకు నీటి అడుగున వెళ్లొచ్చు. అక్కడ వేగం తెచ్చేది కాళ్ల బలమే. స్ప్రింట్ ఈదేవాళ్లు నేల మీద పెట్టిన గంట వృథా పోదు.

ఆడవాళ్లకు, ముఖ్యంగా నలభై అయిదు దాటినవాళ్లకు, ఇంకో పెద్ద కారణముంది. నీళ్లు మన బరువు మోస్తాయి కాబట్టి ఈత వల్ల ఎముకల మీద భారం పడదు. నెలసరి ఆగిపోయే వయసులో ఎముక పలచబడేది ఎలాగూ ఉంటుంది. ఈత ఒక్కటే చేసే ఆమె గుండె గట్టిగా ఉండి, తుంటి ఎముక బలహీనంగా ఉండొచ్చు. అనంతపురం ఆమెకు నేను పదే పదే చెప్పేది ఇదే. ఈత ఒక రోజు తగ్గించండి, బరువులెత్తడం మానకండి.

2024 మార్చిలో నీటి ఎద్దడి వల్ల ఈత కొలనులకు తాగునీరు వాడకూడదని బెంగళూరు జలమండలి ఆదేశించింది. ఆ రోజుల్లో మాలో నేల మీద కసరత్తు అలవాటున్నవాళ్లం మళ్లీ నీళ్లలో దిగినప్పుడు పెద్దగా నష్టపోలేదు. ఈత తప్ప వేరేది తెలియనివాళ్లకు తిరిగి గాడిన పడడానికి నెలలు పట్టింది.

| | దూరం | పోటీ వేగం | హద్దు వేగం | నీళ్లు-నేల |
|---|---|---|---|---|
| వారానికి రోజులు | 5-6 | 3-4 | 3-4 | 2+2 |
| ఒక్కో పూటకు | 75-90 నిమి. | 40-45 నిమి. | 60 నిమి. | 45-60 నిమి. |
| ఏ పోటీకి | 400, ఆపైన, సముద్రం | 50-200 | 200-400 | 50-100 |
| భుజం మీద భారం | ఎక్కువ | వేగం వల్ల మధ్యస్థం | మధ్యస్థం | తక్కువ |
| ఏది లేకపోతే కుదరదు | నిద్ర | ఖాళీ లేన్, గడియారం | ఓపిక | సరిగా నేర్పే మనిషి |

ఏ దారైనా పోటీకి రెండు వారాల ముందు దూరాన్ని దాదాపు సగానికి తగ్గించి, వేగం మాత్రం తగ్గించకుండా ఈదండి. ఆ రెండు వారాలూ ఏదో పోగొట్టుకుంటున్నట్టు అనిపిస్తుంది. ఏమీ పోదు.

## తిండి: సాధనను బట్టి

తార్నాకలోని మన జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి కిలో బరువుకు రోజూ 0.83 గ్రాముల ప్రొటీన్ చాలంటుంది. క్రీడాకారులకు 1.2 నుంచి 2 గ్రాములు కావాలని 2016లో అమెరికా, కెనడా పోషకాహార, క్రీడావైద్య సంస్థలు కలిసి చెప్పాయి. మనలాంటివాళ్లకు ఒకటిన్నర చుట్టూ ఉంటే బాగుంటుందని నా లెక్క. 65 కిలోల మనిషికి రోజుకు సుమారు 98 గ్రాములు. పిండిపదార్థం తేలిక రోజున కిలోకు 3 నుంచి 5 గ్రాములు, గంటకు పైగా గట్టిగా ఈదిన రోజున 5 నుంచి 7.

ఇప్పుడు నాలుగు తిండి పద్ధతులు చూద్దాం.

మన వంటే, వేళ మార్చి. నా ఓటు దీనికే. కాకపోతే మన వంటలో ఒక లోటుంది, దాన్ని దాచుకోవాల్సిన పని లేదు. అది పొద్దుటి టిఫిన్. నాలుగు ఇడ్లీల్లో ఎనిమిది గ్రాముల ప్రొటీన్ ఉంటే గొప్ప. ఉప్మాలోనూ పెద్దగా ఉండదు. వయసు మీరేకొద్దీ కండరం కొద్దిపాటి ప్రొటీన్‌కు స్పందించదు. పెద్దవయసువాళ్లకు ఒక పూటలో కిలోకు 0.4 గ్రాములు, అంటే 65 కిలోలకు 26 గ్రాములు పడితేనే కండ సరిగా మరమ్మతవుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఈది వచ్చిన వెంటనే, కండరం అడుగుతున్న వేళకు, మనం ఎనిమిది గ్రాములిచ్చి సరిపెడుతున్నాం.

మార్పు కష్టం కాదు. ఇడ్లీని ఈతకు ముందుకు జరపండి. ఐదింటికి ఒకటో రెండో ఇడ్లీ, లేదా రెండు ఏలక్కి అరటిపళ్లు. ఈత అయ్యాక పెసరట్టు. రెండు అట్లకు 80 గ్రాముల పెసలు పడితే 19 గ్రాములు, పక్కన గ్లాసు పాలు మరో ఎనిమిది. గుడ్లు తినేవాళ్లకు మూడు గుడ్లు 18.

| పదార్థం | ప్రొటీన్ (సుమారు) |
|---|---|
| ఇడ్లీ 4 | 8 గ్రా. |
| పెసరట్టు 2 (పెసలు 80 గ్రా.) | 19 గ్రా. |
| గుడ్లు 3 | 18 గ్రా. |
| పాలు 250 మి.లీ. | 8 గ్రా. |
| పెరుగు 200 గ్రా. | 6 గ్రా. |
| శనగ గుగ్గిళ్లు (ఎండు శనగలు 50 గ్రా.) | 10 గ్రా. |
| మీల్ మేకర్ (ఎండువి 40 గ్రా.) | 20 గ్రా. |
| పనీర్ 100 గ్రా. | 18 గ్రా. |
| కోడిమాంసం (పచ్చిది 150 గ్రా.) | 33 గ్రా. |

శాకాహారులు ఒక రోజంతా కూడితే ఇలా వస్తుంది. పొద్దున పెసరట్టు, పాలు 27. మధ్యాహ్నం అన్నం, ముద్దపప్పు, పెరుగు కలిపి 21. సాయంత్రం గుగ్గిళ్లు 10. రాత్రి పుల్కాలు, పనీర్ కూర 26. మొత్తం 84. మధ్యాహ్నం మీల్ మేకర్ కూర చేర్చుకుంటే 104. మన వంటలో ప్రొటీన్ లేదనే మాట నిజం కాదు. పప్పు గరిటెడు, అన్నం కుప్ప పెట్టుకోవడం మన అలవాటు, లోటు అక్కడుంది.

ప్రొటీన్ పౌడరు మీద ఆధారపడేది. కండ పెంచడానికి ప్రొటీన్ సప్లిమెంట్లు వద్దని పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. మామూలు జనానికి అది సరైన సలహా. పోటీకి ఈదుతూ, శాకాహారి అయి, పొద్దున వంటకు వీలు లేనివాళ్లు రోజుకు ఒక స్కూప్ (డబ్బాలో వచ్చే కొలత చెంచా) వే ప్రొటీన్, అంటే పాల నుంచి తీసిన పొడి, తీసుకోవడంలో నాకు తప్పు కనిపించదు. కిడ్నీ పరీక్ష చేయించుకున్నాక మాత్రమే. భోజనం మానేసి రెండు మూడు డబ్బాలు తాగే పద్ధతి మాత్రం వద్దు. క్రియాటిన్ రోజుకు 3 నుంచి 5 గ్రాములు స్ప్రింట్ వాళ్లకు, బరువులెత్తేవాళ్లకు పనికొస్తుంది. మొదట ఒంట్లో నీరు చేరి బరువు కాస్త పెరుగుతుంది, కాబట్టి పోటీ నెలలో మొదలుపెట్టకండి.

కీటో. పోటీకి ఈదేవాళ్లకు నేను వద్దంటాను. 2017లో ఆస్ట్రేలియా క్రీడా పోషకాహార శాస్త్రవేత్త లూయిస్ బర్క్ బృందం అత్యుత్తమ స్థాయి రేస్ వాకర్లకు (నడక పోటీలవాళ్లకు) మూడు వారాలు తక్కువ పిండి, ఎక్కువ కొవ్వు తిండి పెట్టి చూసింది. కొవ్వును కరిగించే శక్తి పెరిగింది కానీ, అదే వేగానికి ఎక్కువ ఆక్సిజన్ కావాల్సి వచ్చింది, పోటీ టైమింగ్ మెరుగవలేదు. ఈతలో ఆక్సిజన్ అందేదే మూడు స్ట్రోకులకోసారి. ఉన్న ఊపిరిని పొదుపుగా వాడే ఇంధనం పిండిపదార్థమే. బరువు తగ్గాలనుకుంటే పోటీలు లేని నెలల్లో రాత్రి అన్నం తగ్గించండి, చాలు.

పదహారు గంటల ఉపవాసం. సాయంత్రం ఈదేవాళ్లకు పర్వాలేదు. పొద్దున ఈది, మధ్యాహ్నం పన్నెండు దాకా ఏమీ తినకుండా ఉంటే, కోలుకునే వేళంతా ఖాళీ కడుపుతో గడిచిపోతుంది. ఆ తర్వాత ఆకలి తీర్చుకోవడానికి కనిపించిందల్లా తింటారు. చల్లటి నీళ్లు ఆకలిని ఎలాగూ పెంచుతాయి. 2005లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో నీళ్లలో సైకిల్ తొక్కించి చూస్తే, గోరువెచ్చటి నీళ్లలో చేసినవాళ్లకన్నా 20 డిగ్రీల నీళ్లలో చేసిన తర్వాత 44 శాతం ఎక్కువ కేలరీలు తిన్నారు. డిసెంబరు, జనవరిలో బెంగళూరు పూల్ నుంచి వణుకుతూ బయటికొచ్చి దర్శిని (నిలబడి తినే చిన్న హోటల్) ముందు నిలబడ్డప్పుడు మసాలా దోసె ఎందుకంత పిలుస్తుందో అందులో తెలుస్తుంది. డబ్బాలో ఉడికించిన గుడ్లో గుగ్గిళ్లో పెట్టుకుని వెళ్లండి, పూల్ గేటు దాటకముందే తినేయండి.

షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు ఉపవాసంతో నీళ్లలో దిగనే దిగకూడదు. చక్కెర పడిపోతే నేల మీద కళ్లు తిరిగి కూర్చుంటాం, నీళ్లలో ఆ అవకాశం ఉండదు. బాబాయిగారికి మేం పెట్టుకున్న నియమం ఇది. ఆయన పరీక్ష చేసుకున్నాకే దిగుతారు, గట్టు మీద గ్లూకోజ్ పొట్లం ఉంటుంది, పక్క లేన్‌లో ఎవరో ఒకరం ఉంటాం. మాత్ర వేళ మార్చాలా అన్నది ఆయన డాక్టరుగారే చెప్పారు. మీరూ అడగండి.

నీళ్ల సంగతి క్లుప్తంగా. ఈదేటప్పుడూ చెమట పడుతుంది, కనిపించదంతే. దిగేముందు, ఎక్కాక బరువు చూసుకోండి. కిలో తగ్గితే సుమారు లీటరు పోయినట్టు. ఇక్కడి చల్లదనంలో మనం పట్టించుకోం. చెన్నై వేళచేరి పూల్‌లో ఈదే మా తమ్ముడికి ఏప్రిల్‌లో ఉప్పేసిన మజ్జిగ లేకపోతే పిక్కలు పట్టేస్తాయి. గంట లోపు సాధనకు మంచినీళ్లు చాలు. గంటన్నర దాటితే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి.

## ఎవరికి ఏది

వరంగల్ కుర్రాడికి, అతనిలాంటి పీజీ, రాత్రి కాల్స్ వాళ్లకు: పోటీ వేగం దారి, వారానికి మూడు పూటలు, ఒక పూట జిమ్. కాల్ పన్నెండు దాటిన రాత్రి మర్నాడు ఈతకు రావొద్దు, నిద్రపొమ్మన్నాను. మెస్సులో అన్నం, కందిపొడి కొదవ లేకుండా పెడతారు కానీ ప్రొటీన్ దొరకదు. ఆమ్లెట్ విడిగా చెప్పుకోవాలి, గదిలో పాలు, వేయించిన శనగలు ఉంచుకోవాలి. సాయంత్రం నాలుగు తర్వాత కాఫీ ఆపాలి. కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది.

గుంటూరు అన్నదమ్ములు 200, 400 ఈదుతారు. వాళ్లకు హద్దు వేగం దారి, గట్టి రోజున మధ్యాహ్నం అన్నం నిండుగా, మెల్లటి రోజున అందులో మూడో వంతు తగ్గించి పప్పు పెంచుకోవడం.

అనంతపురం ఆమెకు, నాకు: నీళ్లు-నేల దారి. ఐరన్, విటమిన్ డి, బీ12 పరీక్షలు ఏడాదికోసారి. రక్తం తక్కువైతే ఏ సాధనా ఎక్కదు.

బాబాయిగారి వయసువాళ్లకు హద్దు వేగం దారే, కానీ వార్మప్ ఇరవై నిమిషాలు, పూర్తి వేగం ముక్కలు నాలుగైదుకు మించకుండా. గుండె పరీక్ష చేయించుకోకుండా పూర్తి వేగం జోలికి పోవద్దు. ఆయన గట్టి సెట్‌కు, మరో గట్టి సెట్‌కు మధ్య రెండు రోజులు వదులుతారు. ఆ తీరుతోనే పోయినేడు 50 బ్రెస్ట్ స్ట్రోక్‌లో తన టైమింగ్ తగ్గించుకున్నారు.

ఒలింపిక్స్‌కు వెళ్లిన ఈతగాళ్లు శ్రీహరి నటరాజ్, సాజన్ ప్రకాశ్ ఈ ఊళ్లో సాధన చేసినవాళ్లే. అలాంటివాళ్లు ఈదే పూల్ గట్టున నిలబడితే మనకూ అంత చేయాలనిపిస్తుంది. వాళ్లకు కోలుకోవడం కూడా పనిలో భాగమే. మనకు ఈత అయ్యాక ఆఫీసు, ఇల్లు, పిల్లల స్కూలు బస్సు ఉంటాయి.

ఎంచుకున్న దారిలో ఆరు వారాలు ఉండండి, మధ్యలో మార్చకండి. తర్వాత అదే పూల్‌లో, అదే వేళకు మళ్లీ 400, 200 ఈది చూడండి. స్ప్రింట్ వాళ్లైతే పాతిక మీటర్లు నాలుగుసార్లు, సగటు తీసుకోండి. టైమింగ్ తగ్గి, భుజం నొప్పి లేకపోతే అదే కొనసాగించండి. టైమింగ్ కదలకపోతే ముందు నిద్ర సరిపోతోందా చూడండి, తర్వాత పొద్దుటి ప్లేటు చూడండి. ఆ రెండూ సరిగ్గా ఉంటేనే దారి మార్చండి. భుజం నొప్పి రెండు వారాలు వదలకపోతే మాత్రం ఆరు వారాలు పూర్తయ్యేదాకా ఆగకుండా ఫిజియో దగ్గరికి వెళ్లండి.